షాతో ద బోకాస్తెల్, షాతోనఫ్-దు-పాప్: ఈ ఎర్ర వైన్ సంప్రదాయంలో పాతదెంత, కొత్తదెంత?

పల్నాటి పాఠకుడు (గుంటూరు)

సభ్యులందరికీ నమస్కారం. దక్షిణ ఫ్రాన్సులో ఆవిన్యోన్, ఒరాంజ్ పట్టణాల మధ్య, రోన్ నది ఎడమ ఒడ్డున ఉన్న షాతోనఫ్-దు-పాప్ గురించి కొంతకాలంగా చదువుతున్నాను. అక్కడి పేరున్న తోటల్లో షాతో ద బోకాస్తెల్ ఒకటి. దాని గురించి రాసేవారంతా ‘సంప్రదాయ’ అన్న విశేషణం తప్పకుండా వాడుతున్నారు. అయితే వివరాల్లోకి వెళ్లేకొద్దీ నాకు సందేహం పెరుగుతోంది. బోకాస్తెల్ అనే ఇంటిపేరు అక్కడ 16వ శతాబ్దం నుంచి కనిపిస్తుంది; ఇప్పటి యజమానులైన పెరాన్ కుటుంబం చేతికి ఆ భూమి వచ్చింది మాత్రం 20వ శతాబ్దంలోనే. ఆ ప్రాంతానికి చట్టబద్ధమైన గుర్తింపు దక్కింది 1936లో. పైగా ఈ తోటవారు ద్రాక్షను వేడి చేసి ఆ తరువాత పులియబెడతారట. అది తాతల నాటి పద్ధతిలా కనిపించదు. ఒకే ప్రాంతపు వైన్‌లో పదమూడు రకాల ద్రాక్షను అనుమతించడం కూడా నాకు ఆశ్చర్యంగానే ఉంది. ఈ నేలను, ఈ తోటను దగ్గరగా ఎరిగినవారు అక్కడ సంప్రదాయం అంటే ఏమిటో వివరిస్తే నేర్చుకోవాలని ఉంది.

రోన్‌వాసి (లియోన్)

మంచి ప్రశ్న వేశారు, పాఠకుడు గారూ. చరిత్రలోకి వెళ్లే ముందు నేల గురించి చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే బోకాస్తెల్ తీసుకున్న నిర్ణయాల్లో చాలావాటికి కారణం కాళ్ల కిందే ఉంది.

షాతోనఫ్-దు-పాప్ అన్నది ఒక ఊరి పేరే అయినా, ఆ పేరుతో వైన్ అమ్ముకునే హక్కు అయిదు ఊళ్లకు ఉంది: షాతోనఫ్, ఒరాంజ్, కూర్తెజోన్, బెదారిద్, సోర్గ్. మొత్తం తోటల విస్తీర్ణం సుమారు 3,200 హెక్టార్లు. బోకాస్తెల్ ఉన్నది ఈ ప్రాంతపు ఉత్తరపు అంచున, కూర్తెజోన్ పరిధిలో. ఫొటోల్లో అందరూ చూసే గుండ్రని గులకరాళ్లు ఇక్కడ పుష్కలంగా ఉంటాయి. అవి ఎక్కువగా క్వార్ట్‌జైట్ రాళ్లు. ఆల్ప్స్ పర్వతాల నుంచి ప్రాచీన రోన్ నది దొర్లించుకుంటూ తెచ్చి, నున్నగా అరగదీసి, ఈ మెట్టల మీద పరిచి వెళ్లింది. కొన్ని పిడికిలంత ఉంటే, కొన్ని మనిషి తలకాయంత ఉంటాయి. పగలు ఎండను పీల్చుకుని రాత్రి ఆ వేడిని విడుదల చేస్తాయన్నది అందరూ చెప్పే మాట. అది నిజమే గాని, ఇంత ఎండ కాసే చోట కాయ పండటానికి అదనపు వేడి ఏమంత అవసరం లేదు. రాళ్ల వల్ల కలిగే రెండో మేలే నా దృష్టిలో పెద్దది: అవి కింది మట్టిని కప్పి ఉంచి తేమను ఆవిరి కానివ్వవు.

బోకాస్తెల్‌లో ఆ రాళ్ల పొర కింద బంకమట్టి, ఇసుక, ఒకప్పటి సముద్రగర్భంలో పేరుకుని గట్టిపడిన ఇసుకరాయి పొరలు ఉన్నాయి. బంకమట్టి శీతకాలపు వానను దాచుకుని వేసవిలో కొద్దికొద్దిగా వేళ్లకు అందిస్తుంది. మూర్వేద్ర్ అనే నల్లద్రాక్షకు కావలసింది సరిగ్గా ఇదే. ఆ మొక్కకు తల ఎండలోనూ కాళ్లు నీళ్లలోనూ ఉండాలని ప్రోవాన్స్ రైతులు అంటారు. ఈ ప్రాంతం మొత్తం మీద దాదాపు ముప్పాతిక వంతు నేలలో గ్రెనాష్ అనే మరో నల్లద్రాక్ష పెరుగుతుంది. అలాంటిది బోకాస్తెల్ తన ఎర్ర వైన్‌లో గ్రెనాష్‌తో సమానంగా, అంటే చెరి 30 శాతం వరకు, మూర్వేద్ర్‌ను కలుపుతుంది. ఈ తోట వైన్‌కు ఉన్న ముదురు రంగు, తోలు వాసన, దశాబ్దాల పాటు నిలిచే గట్టిదనం అక్కడి నుంచే వస్తున్నాయి.

ఇక గాలి. ఉత్తరం నుంచి రోన్ లోయ వెంట దూసుకొచ్చే మిస్ట్రాల్ ఏడాదిలో వంద రోజులకు పైగా వీస్తుంది. లేత కొమ్మలను విరిచేస్తుంది, మనుషులకు తలనొప్పి తెప్పిస్తుంది. అయినా వాన వెలిసిన వెంటనే ఆకులను, గుత్తులను ఆరబెట్టి బూజు తెగుళ్లను అదుపులో ఉంచేది కూడా అదే. ఈ గాలి లేకపోతే బోకాస్తెల్ 1950లోనే రసాయన ఎరువులు, పురుగుమందులు మానేసి సేంద్రియ పద్ధతికి మారగలిగేది కాదేమోనని నేను అనుకుంటాను.

ద్రాక్షపందిరి (రంగారెడ్డి జిల్లా)

రోన్‌వాసి గారు చెప్పింది చదువుతుంటే మా తోటకు ఆ తోటకు ఉన్న దూరం తెలుస్తోంది. మాది నాన్నగారి కాలం నుంచి ద్రాక్ష సాగు. రాతి కూసాల మీద తీగల పందిరి వేసి, బిందు సేద్యంతో నీళ్లిచ్చి, ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాం: వేసవి మొదట్లో కొమ్మ కట్టడానికి ఒకసారి, అక్టోబరులో కాయ కోసం ఇంకోసారి. మాకు మంచు పడదు కాబట్టి మొక్క పూర్తిగా నిద్రపోవడం అంటూ ఉండదు. ఎకరానికి పది టన్నులకు తగ్గితే ఆ ఏడాది గిట్టుబాటు కాలేదనే లెక్క.

నాకు మూడు సందేహాలు ఉన్నాయి. ఆ రాళ్లలో మొక్కకు నీళ్లు ఎలా పెడతారు? పందిరి లేకుండా తీగ ఎలా నిలబడుతుంది? దిగుబడి ఎంత వస్తుంది? ఈ మూడూ తెలిస్తే మిగతాది నాకు సులువుగా అర్థమవుతుంది.

రోన్‌వాసి (లియోన్)

ద్రాక్షపందిరి గారూ, మీ మూడు ప్రశ్నలకూ సమాధానం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంది.

నీళ్లు మామూలుగా పెట్టరు. ఈ పేరుతో వైన్ అమ్మాలంటే నీటి తడులు సాధారణంగా నిషిద్ధం. తీవ్రమైన కరువు వచ్చిన ఏడాది మాత్రం అనుమతి తీసుకుని, విధించిన హద్దుల్లో ఇవ్వవచ్చు. అందుకే మొక్క వేళ్లు రాళ్లను దాటుకుని లోతుకు దిగుతాయి. గ్రెనాష్‌కు పందిరి ఉండదు. దాని కాండం గట్టిది, కొమ్మలు నిటారుగా పెరుగుతాయి. కాబట్టి మోకాలి ఎత్తున కాండాన్ని ఆపి, చుట్టూ నాలుగైదు చేతులు గిన్నె ఆకారంలో విచ్చుకునేలా ఏటా శీతకాలంలో పొట్టిగా కత్తిరిస్తారు. ఇలా పొదలా ఉంచిన మొక్కను మిస్ట్రాల్ పడగొట్టలేదు, గుత్తుల మీద ఆకుల నీడ పడుతుంది, నీటి ఖర్చూ తగ్గుతుంది. సిరా రకం కొమ్మలు మాత్రం గాలికి విరిగిపోతాయి గనుక దానిని తీగల ఆధారంతో పెంచడానికి అనుమతి ఉంది.

దిగుబడికి చట్టం పెట్టిన పరిమితి హెక్టారుకు 35 హెక్టోలీటర్లు. మీ లెక్కలో చెప్పాలంటే ఎకరానికి సుమారు 1,400 లీటర్ల వైన్, అంటే రెండు టన్నులకు కాస్త అటూ ఇటూగా కాయ. మీరు తీసే దానిలో అయిదో వంతు. యంత్రంతో కోయడానికి వీల్లేదు, చేతితోనే కోయాలి. కుళ్లినవి, పచ్చివి ఏరి పారేయాలి. ఈ తక్కువ దిగుబడికి ధర తోడు రాకపోతే ఏ రైతూ బతకలేడు. ఆ ధర నిలబడటానికే పేరును కాపాడే చట్టం కావలసి వచ్చింది. అక్కడికి వచ్చాక చరిత్ర తెలిసినవారు అందుకుంటే బాగుంటుంది.

చరిత్రప్రియ (మచిలీపట్నం)

చారిత్రక నేపథ్యం నేను రాస్తాను.

పోపులు రోమ్‌ను వదిలి ఆవిన్యోన్‌లో ఉన్న కాలం 1309 నుంచి 1377 వరకు. వారిలో 22వ జాన్ షాతోనఫ్ గుట్ట మీద వేసవి విడిదిగా కోట కట్టించి చుట్టుపక్కల ద్రాక్ష సాగును ప్రోత్సహించాడు. 1944 ఆగస్టులో వెనుదిరుగుతున్న జర్మన్ సైన్యం ఆ కోటను పేల్చివేసింది. ఇప్పుడు కనిపించేది బురుజులో మిగిలిన సగమే. పర్యాటకులకు చెప్పే కథ ఇంతవరకే ఉంటుంది. బోకాస్తెల్ విషయంలో మాత్రం ఈ కథ సరిగ్గా అతకదు. ఆ తోట ఉన్న కూర్తెజోన్ పోపుల రాజ్యంలోది కాదు, ఒరాంజ్ సంస్థానంలోది. 1549లో పియేర్ ద బోకాస్తెల్ అనే ఆయన కూదులే అనే చోట ఒక ధాన్యపు కొట్టాన్నీ దానితో ఉన్న భూమినీ కొన్నప్పుడు ఆ సంస్థానానికి ప్రభువు నసావ్ వంశపు విలియం. తరువాతి కాలంలో స్పెయిన్ మీద డచ్చి వారి తిరుగుబాటుకు నాయకత్వం వహించినది ఆయనే. 1605లో మా బందరులో వర్తక స్థావరం పెట్టిన డచ్చి వారు ఆ తిరుగుబాటులోంచి పుట్టిన రాజ్యపు పౌరులు. ఒరాంజ్ ఫ్రాన్సుకు దక్కింది 1713 నాటి ఉట్రెక్ట్ ఒప్పందంతో. కాబట్టి సీసా మీద పోపు కిరీటం, తాళంచెవులు ఎంత అందంగా అచ్చొత్తినా, ఈ తోట గతం పోపులది కాదు. ఆ అచ్చుతో సీసా తయారైంది కూడా 1937లోనే.

19వ శతాబ్దంలో వచ్చిన విపత్తు ఫిలాక్సెరా. అమెరికా మొక్కలతో పాటు వచ్చిన ఈ సూక్ష్మ పురుగు ద్రాక్ష వేళ్ల రసం పీల్చి మొక్కను చంపుతుంది. ఫ్రాన్సులో అది మొట్టమొదట కనిపించిన చోట్లలో ఒకటి, షాతోనఫ్‌కు ఎదురుగా నది ఆవలి ఒడ్డున ఉన్న రోక్‌మోర్. అది 1860వ దశకం తొలినాళ్ల మాట. ఆ తరువాతి ఏళ్లలో ఈ ప్రాంతపు తోటలు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. అమెరికన్ వేరుమూలం మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టి తిరిగి నాటడంతోనే సాగు మళ్లీ మొదలైంది. ఈ రోజు అక్కడ ‘పాత’ అని పిలిచే తోటల్లో అత్యధికం ఈ విధ్వంసం తరువాత నాటినవే.

కోలుకున్నాక ఇంకో సమస్య ఎదురైంది. ఇక్కడి బలమైన వైన్‌ను పీపాల్లో కొని, ఫ్రాన్సులోనే మరో ప్రాంతమైన బర్గండీలో పలచగా వచ్చిన వైన్‌కు రంగు, సారం చేకూర్చడానికి కలిపేవారు. మరోపక్క ఎక్కడెక్కడి వైన్‌కో షాతోనఫ్ పేరు తగిలించి అమ్మేవారు. 1923లో ఇక్కడి సాగుదారులు షాతో ఫోర్తియా యజమాని బారన్ పియేర్ లె ర్వాను ఆశ్రయించారు. ఆయన న్యాయశాస్త్రం చదివినవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమాన చోదకుడు. ఆయన నాయకత్వంలో సంఘం కట్టి, ఏ భూమికి ఈ పేరు చెల్లుతుందో, ఏ రకాలు నాటాలో, ఎలా కత్తిరించాలో, వైన్‌లో సహజంగా ఎంత ఆల్కహాలు ఉండాలో తామే నియమాలు రాసుకున్నారు. థైమ్, లావెండర్ మొక్కలు మాత్రమే మొలిచే పేద నేలలే ద్రాక్షకు తగినవని బారన్ ప్రతిపాదించిన కొలమానం నాకు ఎంతో నచ్చింది. నేలతల్లి ఇచ్చిన సాక్ష్యాన్నే ఆయన వాదనకు ఆధారం చేసుకున్నాడు. న్యాయస్థానాల్లో పదేళ్లు పోరాడి 1933లో తుది తీర్పు తెచ్చుకున్నారు. 1936 మే 15న ఫ్రాన్సులో ప్రాంతపు పేరుకు చట్టరక్షణ పొందిన తొలి వైన్లలో షాతోనఫ్-దు-పాప్ చేరింది. ఈ పేర్లను నియంత్రించే జాతీయ సంస్థకు లె ర్వా తరువాత రెండు దశాబ్దాల పాటు అధ్యక్షుడుగా ఉన్నాడు.

పాఠకుడు గారి ప్రశ్నకు నా సమాధానం ఇది: అక్కడ సంప్రదాయం అంటే మోసాన్ని ఎదుర్కోవడానికి రైతులు కూర్చుని రాసుకున్న ఒడంబడిక. వందేళ్ల వయసున్న ఆ ఒడంబడికను నేను పోపుల కోటకంటే విలువైనదిగా భావిస్తాను.

నిదానం (హైదరాబాద్)

చరిత్రప్రియ గారి వివరణ అద్భుతంగా ఉంది. అయితే బోకాస్తెల్‌ను సంప్రదాయానికి ప్రతినిధిగా చూపడంతో నేను విభేదిస్తున్నాను. కారణాలు చెబుతాను.

ఆ ప్రాంతపు ప్రాణం గ్రెనాష్. దానికి గొప్ప ఉదాహరణ షాతో రయాస్. అక్కడ గులకరాళ్లే లేవు. ఇసుక నేల, చుట్టూ చెట్లు, ఉత్తరం వైపు వాలు, పూర్తిగా గ్రెనాష్, వాడి వాడి పాతబడిన పీపాలు. రంగు లేతగా ఉన్నా పరిమళంలో దానికి సాటి వచ్చే వైన్ ఆ చుట్టుపక్కల లేదని ఎందరో అంటారు. మూర్వేద్ర్‌కు ఇంత పెద్ద పీట వేసిన బోకాస్తెల్ పద్ధతి ఒక కుటుంబపు అభిరుచి. ఇక ద్రాక్షను 80 డిగ్రీల వరకు వేడి చేయడం ఎంత సమర్థించినా యంత్రయుగపు పనే. ఈ తోట పాత సీసాల్లో పశువుల కొట్టం వాసన ఉండేదని, అది బ్రెటానోమైసిస్ అనే ఈస్టు వల్ల వచ్చే దోషమని వైన్ ప్రియుల్లో దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. కొందరు దానినే ‘నేల స్వభావం’ అని మెచ్చుకున్నారు. శుభ్రత లోపించడాన్ని సంప్రదాయం పేరుతో గౌరవించడం సరి కాదని నా గట్టి అభిప్రాయం.

రోన్‌వాసి (లియోన్)

నిదానం గారూ, ఆ ఈస్టు విషయంలో మీతో ఏకీభవిస్తాను. అది హద్దు దాటితే కాయలోని రుచిని, ఊరి తేడాను, ఏడాది తేడాను అన్నిటినీ మింగేస్తుంది. ఇటీవలి దశాబ్దాల సీసాలు చాలా శుభ్రంగా ఉంటున్నాయి కాబట్టి ఆ వాదన ఇప్పుడు ఎక్కువగా పాత సంవత్సరాలకే పరిమితం. మిగిలిన రెండు విషయాల్లో మాత్రం నా ఆలోచన వేరు.

ముందు వేడి చేయడం సంగతి. ద్రాక్షను ఉడకబెడతారని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. గుత్తుల నుంచి కాడలు తీసేశాక కాయల తొక్కకు క్షణకాలం 80 డిగ్రీల వేడి తగిలించి, వెంటనే చల్లారుస్తారు. రసం లోపలి దాకా ఆ వేడి చేరదు. కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడటానికి కారణమైన ఎంజైముల వంటివే ద్రాక్ష తొక్కలోనూ ఉంటాయి. ఈ కొద్దిపాటి వేడి వాటిని పనిచేయకుండా చేస్తుంది. తొక్కలోని రంగు కూడా తేలికగా రసంలోకి దిగుతుంది. మామూలుగా ఆ పని కోసం పులియబెట్టే ముందు గంధకం వేస్తారు. గంధకం తగ్గించాలన్న పట్టుదలతోనే పెరాన్ కుటుంబం ఈ దారి ఎంచుకుంది. రసాయనాన్ని దూరం పెట్టడానికి వాడిన ఉపాయాన్ని యంత్రయుగపు పని అని తోసిపుచ్చడం నాకు న్యాయంగా తోచదు.

రెండోది మూర్వేద్ర్, దాని వెనుక ఉన్న పదమూడు రకాల ప్రశ్న. 1909లో పియేర్ త్రామియే ఈ తోటను కొన్నాడు. ఆయన తరువాత అల్లుడు పియేర్ పెరాన్, ఆపైన పియేర్ కుమారుడు జాక్ పెరాన్ దీనిని నడిపారు. 1978లో కన్నుమూసిన జాక్ పెరాన్ చేసిన పెద్ద పని, అందరూ వదిలేస్తున్న రకాలను కాపాడి మళ్లీ నాటడం. నల్లవాటిలో గ్రెనాష్, మూర్వేద్ర్, సిరా, సెన్సో, కూన్వాజ్, వక్కరేజ్, తెరే న్వార్, ముస్కార్దాన్. తెల్లవాటిలో రూసాన్, క్లెరెత్, బుర్‌బులాంక్, పిక్‌పూల్, పికార్దాన్. ఈ పదమూడూ పెరిగే తోటలు ఆ ప్రాంతంలో చాలా కొద్ది. ఒక్కో రకం ఒక్కో రోజు పండుతుంది కాబట్టి విడివిడిగా కోస్తారు, విడివిడిగా పులియబెడతారు, తరువాతే కలుపుతారు. గాలి తగిలితే త్వరగా పాడయ్యే గ్రెనాష్‌ను సిమెంటు తొట్టెల్లో ఉంచుతారు. కొద్దిగా ఊపిరి ఆడటం అవసరమైన మూర్వేద్ర్, సిరా రకాలకు చెక్క తొట్టెలు వాడతారు. కలిపిన వైన్ పెద్ద పెద్ద ఓక్ పీపాల్లో ఏడాది పాటు ఉంటుంది. కొత్త చిన్న పీపాల చెక్క వాసన ఇందులో తగలదు.

వీటిలో కూన్వాజ్ నాకు ప్రత్యేకంగా ఇష్టమైనది. అది లేత రంగులో ఉంటుంది, ఆల్కహాలు తక్కువ, పులుపు ఎక్కువ, మిరియపు ఘాటు ఒకటి సన్నగా తగులుతుంది. బోకాస్తెల్ మిశ్రమంలో దాని వాటా పదో వంతే అయినా, బరువైన వైన్‌కు ఊపిరి పోసేది అదే. గ్రెనాష్ ఒక్కటే లాభసాటి అని అందరూ అనుకుంటున్న రోజుల్లో ఇలాంటి రకాన్ని నిలబెట్టడం సంప్రదాయం కాకపోతే మరేమిటి? రయాస్ గొప్పదే, అది ఇసుకకు తగిన వైన్. బోకాస్తెల్ బంకమట్టికి తగిన వైన్. ఒకదాని నియమంతో రెండోదాన్ని కొలవడం తగదు.

జాక్ పెరాన్ జ్ఞాపకార్థం ఆయన కుమారులు 1989 పంట నుంచి, మంచి సంవత్సరాల్లో మాత్రమే, ప్రధానంగా పాత మూర్వేద్ర్ మొక్కల కాయతో ఒక ప్రత్యేకమైన వైన్ చేస్తున్నారు. దాని ధర సామాన్యుడికి అందదు. తోట పక్కనుంచి వెళ్లే హైవేకు తూర్పున అదే కుటుంబానికి కూదులే అనే 30 హెక్టార్ల తోట ఉంది. నేల స్వభావం దాదాపు ఒకటే అయినా అది షాతోనఫ్ హద్దుకు బయట పడింది గనుక రోన్ లోయకంతటికీ వర్తించే కోత్ ద్యు రోన్ అన్న పేరుతో చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. కొత్తగా తెలుసుకోవాలనుకునేవారు అక్కడ మొదలుపెట్టడం మంచిది.

సెలయేరు (శాన్ హొసే)

ఆ పదమూడు రకాల గురించి ఇక్కడి నుంచి ఒక వివరం చేరుస్తాను. బోకాస్తెల్ వైన్‌ను అమెరికాకు దిగుమతి చేసిన రాబర్ట్ హాస్, పెరాన్ కుటుంబం కలిసి 1989లో కాలిఫోర్నియాలోని పాసో రోబుల్స్ దగ్గర సున్నపు నేల చూసి టాబ్లాస్ క్రీక్ అనే తోట మొదలుపెట్టారు. బోకాస్తెల్ నుంచి తెచ్చిన కొమ్మలను వైరస్ పరీక్షల కోసం మూడేళ్లు క్వారంటైన్‌లో ఉంచాక గాని నాటడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. తరువాత వారు ఆ మొక్కలను నర్సరీ ద్వారా ఇతర రైతులకు కూడా అమ్మారు. ఈ రోజు కాలిఫోర్నియాలోనూ వాషింగ్టన్ రాష్ట్రంలోనూ పెరిగే మూర్వేద్ర్, రూసాన్, కూన్వాజ్ మొక్కల్లో చాలావాటి మూలం కూర్తెజోన్‌లోనే ఉంది. రకాలు ఒక్కొక్కటిగా వస్తూ పోగా చివరికి చేరింది ముస్కార్దాన్. స్వదేశంలోనే అరుదైపోయిన ఒక రకానికి మరో ఖండంలో వేరు దొరకడం నాకెంతో సంతోషం కలిగించింది.

మట్టిగోడ (విశాఖపట్నం)

వాస్తుశిల్పం చదివినవాడిగా నేను కూడా ఒక విషయం పంచుకుంటాను. బోకాస్తెల్ తన వైన్ తయారీ భవనాలను తిరిగి కట్టాలనుకున్నప్పుడు అంతర్జాతీయ పోటీ పెట్టి, ఎందరిలోనుంచో ఎంచుకున్నది మన దేశపు వాస్తుశిల్పి బిజోయ్ జైన్‌ను. ఆయన స్టూడియో ముంబై ఫ్రెంచి సహచరుడితో కలిసి ఆ పని చేపట్టింది. తోటలో తవ్వితీసిన మట్టినే దిమ్మిసతో పొరలు పొరలుగా కుదించి గోడలు కట్టడం ఆ నమూనాలో ముఖ్యమైన అంశం. రోన్ లోయలో మట్టిగోడల ఇళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి కాబట్టి అది పరాయి పద్ధతి కాదు. మందమైన ఆ గోడలు ఎండ వేడిని లోపలికి త్వరగా రానివ్వవు. మిస్ట్రాల్ గాలిని పట్టి భూమి కిందికి పంపి, అక్కడ నిల్వ ఉన్న వాననీటి మీదుగా ప్రవహింపజేసి, చల్లబడిన ఆ గాలితో పీపాల గదులను చల్లగా ఉంచాలన్నది ఆలోచన. పీపాల్లోని వైన్ ఏడాదంతా ఇంచుమించు ఒకే చల్లదనంలో ఉండాలి. ఆ పని యంత్రాలతో చేస్తే కరెంటు ఖర్చు చాలా ఎక్కువ. గాలిని శత్రువుగా భావించే నిర్మాణాలు ఎన్నో చూశాను గాని, దానినే పనివాడిగా పెట్టుకున్న ఈ ఆలోచనను మా విద్యార్థులకు తప్పకుండా చూపిస్తాను.

పల్నాటి పాఠకుడు (గుంటూరు)

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క ప్రశ్న అడుగుతాను. ఎండలు ముదురుతున్న ఈ కాలంలో, నీటి తడులు లేకుండా, 1936 నాటి నియమాలతో ఆ తోటలు నిలబడగలవా? అలాగే ఈ వైన్ ఎవరైనా తెచ్చి ఇస్తే మన వాతావరణంలో ఎలా ఉంచాలో కూడా చెప్పండి.

రోన్‌వాసి (లియోన్)

వాతావరణమే ఇప్పుడు అక్కడి అసలు చర్చ. షాతోనఫ్ వైన్‌కు సహజంగా 12.5 శాతం ఆల్కహాలైనా ఉండాలని బారన్ లె ర్వా కాలంలో నియమం పెట్టారు. ఆ రోజుల్లో పచ్చికాయ కోసే రైతును ఆపడానికి అది అవసరమైంది. ఇప్పుడు గ్రెనాష్ బాగా పండేసరికి చక్కెర ఎంత పెరుగుతోందంటే, 15 శాతం దాటిన సీసాలు మామూలైపోయాయి. కనీసం ఎంత ఉండాలని రాసిన చట్టంలో గరిష్ఠంగా ఎంత ఉండవచ్చన్నది లేదు. ఈ పరిస్థితిలో ఆలస్యంగా పండే మూర్వేద్ర్, పులుపు నిలుపుకునే కూన్వాజ్, తెల్లవాటిలో పిక్‌పూల్, బుర్‌బులాంక్ వంటివాటికి మళ్లీ గిరాకీ వస్తోంది. పదమూడు పేర్ల జాబితాను 1936 తరం వారు వాతావరణ మార్పు కోసం రాయలేదు. అయినా వారి మనుమల తరానికి చట్టం మార్చే పని లేకుండా మొక్క మార్చుకునే వెసులుబాటు దక్కింది. ఈ జాబితా ఇంత పొడవుగా ఉండటంలోని గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ప్రమాదం ఎండ ఒక్కటే కాదు. 1956 ఫిబ్రవరి మంచుకు ఆలివ్ చెట్లు చనిపోయి, ఆ పొలాల్లో చాలామంది ద్రాక్ష నాటారు. 2018లో వసంతకాలపు వానలు ఆగకపోవడంతో బూజు తెగులు విరుచుకుపడి, గ్రెనాష్‌ను, అందులోనూ సేంద్రియ రైతులను తీవ్రంగా దెబ్బతీసింది. ఆ ఏడాది మిస్ట్రాల్ కూడా ఆదుకోలేకపోయింది.

సీసా విషయానికి వస్తే, దానిని 12 నుంచి 14 డిగ్రీల దగ్గర, చీకట్లో, పడుకోబెట్టి ఉంచాలి. గుంటూరు వేసవిలో అలమరలో పెడితే ఒక్క నెలలోనే చెడిపోవచ్చు. అంత చల్లని చోటు లేకపోతే దాచుకోకుండా తొందరగా తాగేయడమే మేలు. తాగేటప్పుడు 16 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి. గది వేడిలో ఉంచి పోస్తే ఆల్కహాలు ఘాటు తప్ప మరేమీ తెలియదు. లేత వయసులో బోకాస్తెల్ ముడుచుకుని ఉంటుంది కాబట్టి గంట ముందే తీసి వెడల్పాటి పాత్రలోకి వంచండి. కారం దట్టించిన కూరతో మాత్రం వద్దు. మిరపకాయ మంట, ఈ వైన్ ఘాటు ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. మిరియాలు, అల్లం, వెల్లుల్లితో నిదానంగా ఉడికించిన వేటమాంసం చక్కగా కుదురుతుంది.

ద్రాక్షపందిరి (రంగారెడ్డి జిల్లా)

2018 బూజు తెగులు మాట చదివాక అడగాలనిపించింది. సేంద్రియ తోటలో ఆ తెగులుకు ఏం కొడతారు? మేమైతే వానలు పట్టినప్పుడు బోర్డో మిశ్రమం పిచికారీ చేస్తాం.

రోన్‌వాసి (లియోన్)

వారు కొట్టేదీ అదే, ద్రాక్షపందిరి గారూ. మైలుతుత్తం, సున్నం కలిపిన ఆ మందును 1880వ దశకంలో బోర్డో దగ్గరి మేదోక్ తోటల్లో మిలార్దే అనే వృక్షశాస్త్రవేత్త పరీక్షించి 1885లో వెల్లడించాడు. ఆ ఊరి పేరుతోనే అది మీ పొలం దాకా వచ్చింది. సేంద్రియ సాగులో దానికి అనుమతి ఉంది గాని, రాగి మట్టిలో పేరుకుని వానపాములకు చేటు చేస్తుంది గనుక యూరప్ చట్టం హెక్టారుకు ఏడేళ్లలో మొత్తం 28 కిలోల రాగి మించకూడదని హద్దు పెట్టింది. అందువల్ల ఎడతెరిపి లేని వానల ఏడాదిలో సేంద్రియ రైతు ప్రతి పిచికారీనీ ముందే లెక్క చూసుకోవాలి: మందు కడిగేసిన ప్రతి వాన తరువాతా మళ్లీ కొడితే ఆ కోటా త్వరగా కరిగిపోతుంది. అందుకే ఆకులు దట్టంగా ఉన్న చోట పలచబరచి గాలి ఆడేలా చేయడం, మొక్కల మధ్య దున్ని గడ్డి తేమను తగ్గించడం వంటి పనులు అక్కడ మందు కొట్టడంతో సమానమైన శ్రద్ధతో చేస్తారు. మీ పందిరి తోటలో కాయ దిగే కాలంలో కింద గాలి ఎలా ఆడుతుందో, కొమ్మలను ఏ దశలో పలచబరుస్తారో రాయండి. ఇక్కడి సాగుదారులకు చెప్పడానికి నాకు ఉపయోగపడుతుంది.